"వాడు మోక్షానికి వెళ్ళడా అమ్మా?" అని అడుగుతున్న పిల్లాడికి 'స్టోలెన్ సమ్మర్' చూపించవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు చికాగో పక్కన స్కోకీలో ఉంటున్నారు. మీది హిందూ కుటుంబం. ఇంటికి దగ్గరని బాబును కతోలిక స్కూల్లో వేశారు, ఇప్పుడు రెండో తరగతి. పక్కింటి యూదుల అబ్బాయి వాడికి ప్రాణస్నేహితుడు. జ్ఞానస్నానం (బాప్టిజం) లేనివాళ్ళకు మోక్షం లేదని క్లాసులో ఎవరో అన్నారట. అప్పట్నుంచి వాడు రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోవడం లేదు. మీకు తెలిసినవాళ్ళు 'స్టోలెన్ సమ్మర్' సినిమా చూపించమన్నారు. అది చూస్తే వాడి భయం తగ్గుతుందా పెరుగుతుందా, అందులో చెప్పే మాటలు నిజమేనా, ఒక పిల్లాడు చనిపోతాడట కదా, ఎనిమిదేళ్ళవాడు తట్టుకుంటాడా అన్నది మీ టెన్షన్.

చూపించండి. పక్కన కూర్చుని చూపించండి. అందులో పిల్లాడు చనిపోతాడని ముందే చెప్పండి. అన్నిటికన్నా ముందు, వాడు అడిగిన ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి, ఆ పని సినిమాకు అప్పగించకండి. ఎందుకంటే ఈ సినిమా ఆ ప్రశ్న అడుగుతుంది, చాలా బాగా అడుగుతుంది. కానీ ఎనిమిదేళ్ళ పిల్లాడికి సరిపోయేంత తేటగా జవాబు చెప్పదు.

నేను పుట్టింది ఫిరంగిపురంలో. సత్యోపదేశం, అంటే మా మతపాఠాలు, అక్కడి కతోలిక గుళ్ళోనే నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఇల్లినాయ్ వచ్చి, ఇక్కడ ఒక కతోలిక స్కూల్లో రెండో తరగతి పిల్లలను ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (గుళ్ళో మొదటిసారి పవిత్ర అప్పం తీసుకునే వేడుకకు) తయారుచేసే పని చాలా ఏళ్ళు చేశాను. ఈ సినిమాను ముందు తల్లిదండ్రులకు, తర్వాత పిల్లలకు చూపించడం మా దగ్గర అలవాటుగా మారింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కథ. 1976 వేసవి, చికాగో. పీట్ ఓమాలీ ఎనిమిదేళ్ళ ఐరిష్ కతోలిక పిల్లాడు. ఇంటినిండా పిల్లలు, నాన్న జో ఫైర్‌మన్. నీ అల్లరి ఇలాగే ఉంటే నరకానికే పోతావని స్కూల్లో సిస్టర్ హెచ్చరిస్తుంది. వాడు ఆ మాటను సీరియస్‌గా తీసుకుని, ఈ సెలవుల్లో ఏదైనా మంచిపని చేసి తన దారి మార్చుకోవాలనుకుంటాడు. వాడి లెక్కలో అన్నిటికన్నా పెద్ద మంచిపని ఏమిటంటే, ఒక యూదుణ్ణి మోక్షానికి చేర్చడం. సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ముందు నిమ్మరసం బల్ల పెట్టుకుని కూర్చుంటాడు. అక్కడి రబ్బీ, అంటే యూదు మతగురువు, జేకబ్సన్ వాణ్ణి తరిమెయ్యడు, వాడి మాట వింటాడు. రబ్బీ కొడుకు డానీ, పీట్ కన్నా చిన్నవాడు, వీడికి దోస్త్ అవుతాడు. డానీకి లుకేమియా, అంటే రక్త కాన్సర్.

యూదు పిల్లాడికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడం కుదరదని తెలిశాక పీట్ సొంతంగా ఒక దారి కనిపెడతాడు. పది పరీక్షల 'డెకాథ్లాన్' పెడతాడు, అవన్నీ గెలిస్తే డానీకి మోక్షం ఖాయమని. 1976 అంటే మాంట్రియల్ ఒలింపిక్స్ జరిగిన వేసవి. ఆ ఏడాది డెకాథ్లాన్ బంగారు పతకం అమెరికాకే వచ్చింది, పిల్లలందరి నోటా ఆ మాటే. ఈ సంగతి మీ వాడికి చెప్పండి, లేకపోతే ఆ పరీక్షలు వాడికి ఎక్కణ్ణుంచో ఊడిపడినట్టు అనిపిస్తాయి.

సినిమా 2002లో వచ్చింది. మ్యాట్ డేమన్, బెన్ అఫ్లెక్ వాళ్ళు పెట్టిన 'ప్రాజెక్ట్ గ్రీన్‌లైట్' అనే పోటీలో ఏడు వేలకు పైగా స్క్రిప్టుల్లోంచి ఎంపికైన మొదటి సినిమా ఇది. రాసి, తీసినవాడు పీట్ జోన్స్. జో పాత్రలో ఎయిడన్ క్విన్, తల్లిగా బానీ హంట్, రబ్బీగా కెవిన్ పోలాక్, ఫాదర్ కెల్లీగా బ్రయన్ డెన్నెహీ నటించారు. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. పీజీ రేటింగ్, నిడివి దాదాపు గంటన్నర. అక్కడక్కడా మోటుమాటలుంటాయి, అంతకుమించి కళ్ళు మూయాల్సినవేవీ లేవు.

ఇక అసలు విషయం. సినిమాలో సిస్టర్ మాట విని, మీ వాడి క్లాసులో అన్న మాట విని, మీరు 'కతోలికులు నమ్మేది ఇదే కాబోలు' అనుకుంటే అది సరి కాదు. ఇది మీకు గట్టిగా తెలియాలి, ఎందుకంటే మీ భయానికి మూలం అక్కడే ఉంది.

'శ్రీసభ (కతోలిక సంఘం) వెలుపల రక్షణ లేదు' అన్న మాట చాలా పాతది. దాన్ని అక్షరాలా పట్టుకుని, కతోలికుడు కానివాడెవడికీ మోక్షం లేదని బోస్టన్‌లో ప్రచారం చేసిన లెనార్డ్ ఫీనీ అనే జెస్విట్ గురువు ఉండేవాడు. అలా అర్థం చెప్పడం తప్పని 1949లో రోమ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన దారికి రాలేదు. 1953లో ఆయన్ను శ్రీసభ నుంచే బహిష్కరించారు. ఇది రెండో వాటికన్ మహాసభకు (ప్రపంచంలోని కతోలిక బిషప్పులంతా రోమ్‌లో కూడిన సభ) చాలా ముందే జరిగింది. తర్వాత 1964లో ఆ మహాసభ పత్రంలోనే రాశారు: తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్ళు కూడా, మనస్ఫూర్తిగా దేవుణ్ణి వెతుకుతూ, మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటే రక్షణ పొందగలరని. 1965 అక్టోబరు 28న ఇతర మతాల గురించి 'నోస్ట్రా ఎటాటే' అనే ప్రకటన ఆ మహాసభ నుంచే వచ్చింది. అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88. యూదులను దేవుడు తోసిపుచ్చినట్టు, శపించినట్టు చెప్పకూడదని అందులో స్పష్టంగా ఉంది.

మీ ఇంటికి పనికొచ్చే సంగతి మరొకటుంది. ఆ ప్రకటనలో హిందూ మతం పేరు పెట్టి ప్రస్తావించారు, గౌరవంగా. ఇతర మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది దేన్నీ శ్రీసభ తిరస్కరించదని కూడా రాశారు. మీ వాడు ఈ రోజు పక్కింటి పిల్లాడి గురించి అడిగాడు. రేపు "మరి మనం?" అంటాడు. బహుశా మనసులో ఇప్పటికే అడుగుతూ ఉండొచ్చు. పైకి స్నేహితుడి పేరు చెప్పి లోపల తన గురించి, అమ్మానాన్నల గురించి భయపడే పిల్లలను నేను క్లాసులో చాలామందిని చూశాను.

మరి 1965లోనే అంత మారితే, 1976లో సిస్టర్ ఎందుకలా మాట్లాడుతుందని మీరు అడగొచ్చు. పత్రం రోమ్‌లో మారిన రోజే క్లాసురూములో మాట మారదు. అప్పటికి పాఠాలు చెబుతున్న సిస్టర్లలో చాలామంది చదువూ శిక్షణా మహాసభకు ముందు కాలానివి. పైగా చిన్నపిల్లలకు చెప్పేటప్పుడు నియమం నోటికొచ్చినంత తేలిగ్గా మినహాయింపు రాదు. జ్ఞానస్నానం ఎంత ముఖ్యమో చెప్పబోయి, లేనివాళ్ళ గతి ఏమిటో తేల్చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీ బాబు క్లాసులో జరిగింది కూడా అదే అయ్యుంటుంది. నిజానికి ఆ మాట అన్నది టీచరా, పక్క బెంచీ పిల్లాడా కనుక్కోండి. నాకు తెలిసినంతలో ఎక్కువసార్లు పక్క బెంచీ పిల్లాడే.

మా క్లాసులో ఒకసారి ఇలాంటి వాదనే లేచింది. యూదులు మోక్షానికి వెళ్ళరని ఒకడు, వెళ్తారని ఇంకొకడు. వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప చెయ్యెత్తి, "మరి యేసు అమ్మమ్మ?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. "యేసు అమ్మమ్మ అన్నమ్మగారు యూదురాలే కదా టీచర్, ఆవిడ లేదా అక్కడ?" అంది. క్లాసు క్లాసంతా గప్‌చుప్. నేను అప్పటికప్పుడు బోర్డు మీద పేర్లు రాయించాను: మరియమ్మ, యోసేపు, పేతురు, యోహాను. అందరూ యూదులే. యేసు కూడా పుట్టుకతో యూదుడే, సినగాగ్‌లో ప్రార్థించినవాడే. ఆ పాప అడిగిన ప్రశ్న నేను ఆ తర్వాత ప్రతి ఏడూ వాడుకున్నాను. మీరు కూడా వాడుకోండి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి మహాసభ పత్రాలకన్నా ఈ మాట తొందరగా ఎక్కుతుంది.

ఇక వాడితో ఏమనాలో సూటిగా చెప్తాను. "ఎవరు మోక్షానికి వెళ్తారో తేల్చేది దేవుడొక్కడే. మీ ఫ్రెండ్ వాళ్ళ నాన్న నేర్పినట్టు ప్రార్థన చేసుకుంటాడు, మంచిగా ఉంటాడు. అలాంటి పిల్లాణ్ణి దేవుడు వదిలేస్తాడని మీ స్కూలు నమ్మే పెద్ద గురువులు కూడా చెప్పడం లేదు." ఇంతే చాలు. పడుకోబోయే ముందు కాకుండా పగటిపూట చెప్పండి. రాత్రి చెబితే వాడు దాన్ని పట్టుకుని తెల్లవార్లూ ఇంకో పది ప్రశ్నలు అల్లుకుంటాడు.

యూదుల వైపు నుంచి చూస్తే అసలు ఈ బెంగకే చోటు లేదు. ప్రపంచంలోని నీతిమంతులందరికీ, వాళ్ళు యూదులు కాకపోయినా, రాబోయే లోకంలో వాటా ఉందన్నది వాళ్ళ రబ్బీల పాతమాట. అందుకే వాళ్ళు ఇతరులను తమ మతంలోకి రమ్మని పిలవరు. ఎవరైనా తమంతట తాము వస్తామన్నా ముందు వద్దని వారించడమే సంప్రదాయం. సినిమాలో రబ్బీ జేకబ్సన్ పీట్ నిమ్మరసం బల్లను చూసి అంత నింపాదిగా ఉండగలగడం వెనక ఈ ధీమా ఉంది. పీట్‌కి కంగారు, ఆయనకు లేదు. ఆ తేడాను మీ వాడికి చూపించండి.

అయితే నింపాది ఒక్కటే కాదు, ఈ విషయంలో యూదులకు ఒక పాత గాయం కూడా ఉంది. సినిమా దాని జోలికి పోలేదు, మీరు పెద్దవాళ్ళుగా తెలుసుకోవాలి. 1858లో ఇటలీలోని బొలోన్యాలో ఎద్గార్దో మోర్తారా అనే ఆరేళ్ళ యూదు పిల్లాణ్ణి పోపు పాలనలోని పోలీసులు ఇంటికొచ్చి తీసుకెళ్ళిపోయారు. వాడు పసివాడిగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, చనిపోతాడేమోనన్న భయంతో ఇంట్లో పనిచేసే కతోలిక అమ్మాయి రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చిందట. జ్ఞానస్నానం జరిగింది కాబట్టి వాడు క్రైస్తవుడు, క్రైస్తవ పిల్లాణ్ణి యూదుల ఇంట్లో పెరగనివ్వకూడదన్నది అప్పటి చట్టం. తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా, యూరప్ అంతా గోల చేసినా తొమ్మిదో పయస్ పోపు పిల్లాణ్ణి తిరిగి ఇవ్వలేదు. వాడు పెరిగి కతోలిక గురువయ్యాడు, 1940లో బెల్జియంలో చనిపోయాడు.

నేను కతోలికురాలిని. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఆ పనమ్మాయి చేసిందీ ప్రేమతోనే. పీట్ చేసిందీ ప్రేమతోనే. 'నీ పిల్లాడి ఆత్మను కాపాడుతున్నాను' అనే మాట ఎంత ప్రేమగా అన్నా, ఒక యూదు తల్లి చెవికి అది ఎలా వినిపిస్తుందో పక్కవాళ్ళమైన మనకు తెలిసి ఉండాలి. ఈ రోజు శ్రీసభ కూడా యూదులను మతం మార్చడానికి ప్రత్యేకంగా ఏ సంస్థాగత మిషన్ పనీ చెయ్యదు, సమర్థించదు అని 2015 డిసెంబరులో వాటికన్ పత్రంలో రాసింది. ఆ స్పష్టత రావడానికి నోస్ట్రా ఎటాటే తర్వాత కూడా యాభై ఏళ్ళు పట్టింది.

మీరుండేది స్కోకీ కాబట్టి ఇంకొక్క మాట. సినిమా కథ 1976లో జరుగుతుంది. అప్పట్లో మీ ఊళ్ళో హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల మారణహోమం) నుంచి ప్రాణాలతో బయటపడ్డ వేలమంది యూదులు ఉండేవాళ్ళు. ఆ మరుసటి ఏడాదే అమెరికన్ నాజీల గుంపు ఒకటి స్కోకీ వీధుల్లో ఊరేగింపు చేస్తామని కోర్టుకెక్కింది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరికి ఊరేగింపు స్కోకీలో జరగలేదు గానీ ఆ రోజుల భయం మీ పక్కింటి ముసలివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2009లో మీ ఊళ్ళో తెరిచిన హోలోకాస్ట్ మ్యూజియం పుట్టుకకు ఆ గొడవే కారణం. కాస్త పెద్దయ్యాక బాబును తీసుకెళ్ళండి, ఇప్పుడు వద్దు.

సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది పిల్లల కథ కాదు, నాన్నల కథ. రబ్బీ ఇంట్లో అగ్నిప్రమాదం జరుగుతుంది. మంటల్లోంచి డానీని బయటికి తెచ్చింది పీట్ నాన్న జో. రబ్బీ ఆ రుణం ఎలా తీర్చుకోవాలా అని చూస్తాడు. జో పెద్దకొడుకు ప్యాట్రిక్‌కి కాలేజీ చదవాలని ఉంటుంది, జోకి వాడు తనలాగే ఫైర్‌మన్ అయితే చాలు. సినగాగ్ తరఫున ప్యాట్రిక్‌కి స్కాలర్‌షిప్ ఇప్పిస్తానంటాడు రబ్బీ. జో ససేమిరా అంటాడు. ఇంట్లో డబ్బుండీ కాదు, చదువంటే గిట్టకా కాదు. వేరే మతంవాళ్ళ దగ్గర చెయ్యి చాచినట్టవుతుందని. 'మన పిల్లాడి చదువుకు ఇంకొకరి సొమ్మా' అనే ఆ మొండితనం ఐరిష్ వాళ్ళదే కానక్కర్లేదు, మన ఇళ్ళల్లో చూడని వాళ్ళెవరు?

జో దగ్గర యూదుల మీద అయిష్టం పెద్ద మాటల్లో బయటపడదు. భుజాలు ఎగరేయడంలో, మాట తుంచేయడంలో, భార్య అడిగితే తప్పించుకోవడంలో కనిపిస్తుంది. ఎయిడన్ క్విన్ ఇక్కడ చాలా బాగా చేశాడు. పిల్లలు ఇవన్నీ పట్టుకుంటారు. సినిమా అయ్యాక నేను తల్లిదండ్రులను అడిగేది ఒక్కటే: పీట్‌కి యూదుల గురించి చెప్పింది సిస్టర్ ఒక్కతేనా, ఇంట్లో వాడికి ఏం వినిపిస్తోంది? ఒక తండ్రి ఒకసారి లేచి, "మా ఇంట్లో మేం ఎవర్నీ ఏమీ అనం" అన్నాడు. పక్కనే ఉన్న భార్య నెమ్మదిగా, "అనం, కానీ పిలవం కూడా" అంది. ఆ రోజు చర్చ అంతా ఆ ముక్క మీదే నడిచింది.

మీరు పక్కింటివాళ్ళను ఎప్పుడైనా భోజనానికి పిలిచారా? పిల్లలు రోజూ కలిసి ఆడుకుంటున్నారు కదా. బాబు నిద్ర పట్టకపోవడానికి మందు అక్కడ కొంత దొరకొచ్చు. తన స్నేహితుడి ఇంట్లో శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి ప్రార్థన చేసుకోవడం వాడు కళ్ళారా చూస్తే, 'వీళ్ళకి దేవుడు లేడేమో' అన్న అనుమానం దానంతటదే పోతుంది. మీ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే అలవాటుంటే ఆ అబ్బాయికీ చూపించండి.

సినిమాతో నాకు పేచీ ఉన్న చోటు కూడా చెప్పాలి. కథంతా పీట్ కళ్ళతోనే నడుస్తుంది. డానీ ఏం నమ్ముతాడు, వాళ్ళ ఇంట్లో ప్రార్థన ఎలా ఉంటుంది, జబ్బు గురించి వాడికి నాన్న ఏం చెప్పాడు అన్నవి చాలా తక్కువ. కతోలిక పిల్లాడి ఎదుగుదల కోసం యూదు పిల్లాడు చనిపోయినట్టు కనిపిస్తుందని యూదు స్నేహితురాలొకావిడ నాతో అంది, నేను కాదనలేకపోయాను. రెండోది, పరీక్షలు నెగ్గితే మోక్షం అన్న పీట్ లెక్క. పిల్లాడి ఊహగా ముచ్చటగానే ఉంటుంది. కానీ కతోలిక బోధలో కూడా మోక్షం గెలుచుకునే పతకం కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చేది. సినిమా చూశాక "మోక్షానికి వెళ్ళాలంటే పోటీ గెలవాలా?" అని మీ వాడు అడిగితే గట్టిగా "లేదు" అనండి. లేకపోతే ఈదలేని పిల్లలకు, జబ్బుపడ్డ పిల్లలకు మోక్షం ఎలా అని ఇంకో భయం పట్టుకుంటుంది. డానీ విషయంలో సినిమాలో సరిగ్గా ఈ చిక్కే వస్తుంది.

చావు గురించి. ఏడేళ్ళ లోపు పిల్లలకు నేను ఈ సినిమా చూపించను. ఎనిమిదేళ్ళవాళ్ళు తట్టుకుంటారు, కానీ హఠాత్తుగా వస్తే తట్టుకోలేరు. అందుకే ముందే చెప్పమంటున్నాను. "ఇందులో డానీకి పెద్ద జబ్బు, చివర్లో చనిపోతాడు, నాక్కూడా ఏడుపొచ్చింది" అని మామూలుగా చెప్పండి. తెలిసి చూస్తే పిల్లలు డానీని ఇంకా ప్రేమగా చూస్తారు, నా అనుభవం అది.

రెండో విషయం, ఇది 1976 నాటి లుకేమియా అని తప్పకుండా చెప్పాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకు అప్పట్లో బతికి బట్టకట్టేవాళ్ళు సగానికి కాస్త ఎక్కువ. ఇప్పుడు అమెరికాలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. ఇది చెప్పకపోతే వాడి క్లాసులో ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా, ఏ పిల్లకు మందుల వల్ల జుట్టు రాలినా వీడు అంతదూరం ఊహించేసుకుంటాడు. మీ బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరి పిల్లలకైనా ప్రస్తుతం కాన్సర్ చికిత్స జరుగుతుంటే మాత్రం ఈ సినిమా ఇప్పుడు వద్దు, రెండేళ్ళు ఆగండి.

డానీ పోయాక యూదుల ఇంట్లో ఏం జరుగుతుందని పిల్లలు అడుగుతారు. వీలైనంత త్వరగా ఖననం చేస్తారు. ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుని దుఃఖిస్తారు, దాన్ని 'షివా' అంటారు. చుట్టాలు, ఇరుగుపొరుగు భోజనం పట్టుకొస్తారు. సమాధి మీద పూలకు బదులు చిన్న రాయి పెడతారు. చనిపోయినవాళ్ళ కోసం చదివే 'కద్దిష్' ప్రార్థనలో చావు అన్న మాటే ఉండదు, మొదటి నుంచి చివరి దాకా దేవుణ్ణి స్తుతించడమే. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చాలా తేటపడతాయి, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సినిమా అయిపోయిన మర్నాడు వాడికి చెప్పడానికి ఒక నిజమైన కథ ఇస్తాను. పోలండ్‌లో వాదొవీత్సే అని చిన్న ఊరు. 1920లలో అక్కడ కరోల్, జెర్జీ అని ఇద్దరు పిల్లలు ఉండేవాళ్ళు. కరోల్ కతోలికుడు, వాళ్ళు అద్దెకున్న ఇల్లు ఒక యూదుడిది. జెర్జీ క్లూగర్ నాన్న లాయరు, ఆ ఊరి యూదు సంఘానికి పెద్ద. ఇద్దరూ కలిసి చదువుకున్నారు, ఫుట్‌బాల్ ఆడారు. కరోల్ గోల్‌కీపర్. యూదుల జట్టుకు గోలీ తక్కువైతే వాళ్ళ వైపు కూడా నిలబడేవాడు. హైస్కూల్లో ఇద్దరికీ సీటొచ్చిందని చెప్పడానికి జెర్జీ పరుగెత్తుకుంటూ గుళ్ళోకే వచ్చేశాడట. అక్కడున్న ఒకావిడ, ఈ యూదు పిల్లాడికి గుళ్ళో ఏం పని అన్నట్టు చూస్తే, కరోల్ "మనమంతా దేవుడి పిల్లలం కాదా" అన్నాడని జెర్జీ తర్వాత చెప్పుకునేవాడు.

యుద్ధంలో జెర్జీ తల్లినీ, చెల్లినీ, అమ్మమ్మనూ నాజీలు చంపేశారు. అతను సోవియట్ క్యాంపుల్లో పడి, బయటపడి, పోలిష్ సైన్యంలో మోంతె కస్సీనో దగ్గర పోరాడి చివరికి రోమ్‌లో స్థిరపడ్డాడు. మహాసభ జరుగుతున్న 1965లో ఇద్దరూ అక్కడ మళ్ళీ కలిశారు. కరోల్ అప్పటికి ఆర్చిబిషప్. 1978లో రెండో జాన్ పాల్ పోపు అయ్యాడు. 1986 ఏప్రిల్ 13న రోమ్‌లోని సినగాగ్‌కు వెళ్ళి, యూదులు మాకు అన్నల్లాంటివాళ్ళు అన్నాడు. ఆ స్నేహంలో ఎవరూ ఎవరి మతాన్నీ మార్చలేదు. జెర్జీ యూదుడిగానే బతికాడు, కరోల్ పోపుగా చనిపోయాడు, చివరిదాకా ఒకరినొకరు చిన్నప్పటి ముద్దుపేర్లతోనే పిలుచుకున్నారు. పీట్ కథ కల్పన, ఇది జరిగింది. మీ వాడికి ఈ రెండోది ఎక్కువ ధైర్యమిస్తుంది.

కొంతమంది తెలుగువాళ్ళు 'మనకెందుకీ యూదుల గోల' అంటారు. మా గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి, సొంత సినగాగ్ కూడా ఉంది. వాళ్ళు హీబ్రూ ప్రార్థనలు తెలుగు యాసలో చదువుతారు. మీ పక్కింటి వాళ్ళకు ఈ సంగతి చెప్పి చూడండి, మాట కలపడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు.

స్కూల్లో ఫిర్యాదు చెయ్యాలా అని కూడా అడిగారు. ఫిర్యాదు అక్కర్లేదు. టీచర్‌కి చిన్న ఉత్తరం రాయండి: మావాడికి ఇలాంటి ప్రశ్న వచ్చింది, నోస్ట్రా ఎటాటే ఏం చెబుతుందో పిల్లల భాషలో క్లాసుకు చెప్పగలరా అని. సరైన టీచర్ అయితే సంతోషంగా చేస్తుంది. చెయ్యకపోతే ఫాదర్ గారిని కలవండి. సినిమాలో ఫాదర్ కెల్లీ లాగా పిల్లాడి ప్రశ్నను ఓపిగ్గా వినే గురువులు నిజంగానే ఉన్నారు.

బాబుకు పదమూడో పద్నాలుగో వచ్చాక 'ఓరివ్వార్ లెజాన్‌ఫాన్' అనే 1987 నాటి ఫ్రెంచి సినిమా చూపించండి. 1944లో కతోలిక బోర్డింగ్ స్కూల్లో దాచిన యూదు పిల్లల కథ, దర్శకుడు లూయీ మాల్ తన చిన్నతనంలో చూసిన సంఘటన మీద తీశాడు. ఎనిమిదేళ్ళకు అది అసలు వద్దు.

చివరిగా, పక్కింటి అబ్బాయిని కూడా పిలిచి ఇద్దరికీ కలిపి చూపించాలా అన్నారు. మంచి ఆలోచన, కానీ వాళ్ళ అమ్మానాన్నలకు కథ పూర్తిగా చెప్పి, వాళ్ళు సరేనంటేనే. 'కతోలిక పిల్లాడు యూదు పిల్లాణ్ణి మోక్షానికి పంపాలని చూస్తాడు, ఆ పిల్లాడు చనిపోతాడు' అన్నది దాచి పిలిస్తే తర్వాత బాగోదు. వాళ్ళు ముందు తామే చూస్తామంటే ఇవ్వండి. కుదిరితే వాళ్ళలో ఒకరిని కూడా కూర్చోమనండి, రబ్బీ సీన్లప్పుడు మీకు తెలియనివి వాళ్ళు చెప్తారు. శుక్రవారం సాయంత్రం, శనివారం పగలు పెట్టకండి, వాళ్ళకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. ఆదివారం మధ్యాహ్నం అయితే మీకూ వీలు, వాళ్ళకూ వీలు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటిస్తారేమో అడిగి, ఏం పెట్టొచ్చో వాళ్ళనే చెప్పమనండి. చాలా ఇళ్ళల్లో కొయ్యని పండ్లకు అభ్యంతరం ఉండదు.